లావెక్కిన రాకుమారుడు

'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' అనే కంప్యూటర్ ఆటను గురించి మన పత్రిక పాఠకుల్లో నలభై దాటినవారికి కొత్తగా చెప్పవలసింది లేదు. 1990ల్లో మన ఊళ్ళలో 'కంప్యూటర్ క్లాసు' అని బోర్డు కట్టిన గదుల్లో లెక్కల ప్రోగ్రాములతోపాటు ఆ ఆట కూడా ఏదో ఒక మూల దాక్కుని ఉండేది. తెల్లబట్టలు వేసుకున్న ఒక కుర్రవాడు నేలమాళిగ చెరలోంచి బయలుదేరి, నేలలోంచి పొడుచుకొచ్చే ములుకులూ, కాలు పెడితే కూలే రాతిపలకలూ, కత్తెరలా మూసుకునే ఇనుప కోరలూ తప్పించుకుంటూ, కాపలావాళ్ళతో కత్తి తిప్పుతూ 60 నిమిషాల్లో రాకుమార్తెను చేరాలి. మంత్రి జాఫర్ ఆమెకిచ్చిన గడువు అంతే మరి. గడువులోగా పెళ్ళికి ఒప్పుకోవాలి, లేదా చావాలి.

మా షోలాపూర్ ఇంట్లో 1994లో మా అన్న ఒక కంప్యూటర్ కొన్నాడు, చాదర్ల వ్యాపారం లెక్కలు రాసుకోవడానికని. పగలు లెక్కలు, రాత్రి రాకుమారుడు. మా దగ్గరున్నది ఎవరిదో కాపీకి కాపీ. దానితో రావలసిన పుస్తకం మాకు రాలేదు. అందువల్ల మొదటి అంతస్తు దాటగానే వచ్చే సీసాల గదిలో మా రాకుమారుడు చాలాకాలం చస్తూ ఉండేవాడు. పుస్తకంలో ఫలానా పేజీ ఫలానా వరుసలోని మాట మొదటి అక్షరం ఏదో ఆ అక్షరమున్న సీసానే తాగాలి, పొరపడితే ప్రాణం పోతుంది. కాపీరాయుళ్ళకు పెట్టిన శిక్ష అది! ఆ తర్వాత ఎవరో 'ప్రిన్స్ మెగాహిట్' అని టైపు చేసి ఆట మొదలుపెట్టే దొంగదారి చెప్పారు. ఆ రోజుల్లో ఆ రెండు మాటలు తెలియని కుర్రవాడు లేడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2021లో మా అన్నకు పక్షవాతం వచ్చింది. మాట, నడక కొన్ని నెలల్లో చాలావరకు తిరిగి వచ్చాయి కానీ కుడిచేతి వేళ్ళు మొండికేశాయి. ఫిజియోథెరపిస్టు ఇచ్చిన రబ్బరు బంతి రెండు రోజులు పిసికి మూడోరోజు మంచం కిందకు దొర్లించేశాడు. "ఏం జేస్తవే, బుద్ధి కుదురుత లేదు" అని వదినె కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఒకనాడు తనంతట తానే, "తమ్మీ, ఆ రాకుమారుడు ఇంకా ఉన్నడారా?" అని అడిగాడు. జబ్బు చేశాక ఆయన ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఫిజియోథెరపిస్టును అడిగితే, వ్యాయామాలు మానకుండా రోజుకు అరగంట ఆడుకుంటే ఆడుకోనివ్వండి, వేళ్ళు కదిలితే మంచిదేగా అన్నారు. ఆ ఆటను బాణపు మీటలతో ఆడాలి. బాణపు మీటలు కీబోర్డులో కుడిచేతి వైపే ఉంటాయి. మాకు కావలసింది అదే.

పాత ఫ్లాపీ దొరికింది కానీ దాన్ని చదివే డ్రైవు ఇంట్లో లేదు. బజారులో ఒక కంప్యూటర్ దుకాణాయన ఫ్లాపీని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని గోడకు తగిలించుకోండి" అన్నాడు. చివరకు పాత యంత్రాలు పారేయలేని ఒక స్నేహితుడి పుణ్యాన అందులోని ఫైళ్ళు పెన్‌డ్రైవులోకి వచ్చాయి. లాప్‌టాప్‌లో నొక్కితే తెరుచుకోలేదు. అది 16 బిట్ల కాలపు ప్రోగ్రాము. ఇప్పటి 64 బిట్ల విండోస్ దాన్ని నడపదు. దీనికి మందు డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము. 2002 నుంచి ఉంది. ఇది లాప్‌టాప్ లోపలే ఒక పాత డాస్ కంప్యూటర్‌ను నటింపజేస్తుంది. ఆట నడవడం వరకు ఇదేమంత కష్టం కాదు, పిల్లలెవరైనా చేసిపెడతారు. అసలు చిక్కులు ఆట తెరమీదకు వచ్చిన తర్వాతే మొదలయ్యాయి.

మొదట రంగులు. మా అబ్బాయి ఏదో ప్రయోగం చేస్తూ, డాస్‌బాక్స్ నటించవలసిన యంత్రం రకాన్ని 'సీజీఏ' అని మార్చిపెట్టాడు. దాంతో తెరమీద నాలుగే నాలుగు రంగులు: నలుపు, తెలుపు, ఒక నీలాకుపచ్చ, ఒక ముదురు గులాబీ. 1981 నాటి ఐబీఎం కంప్యూటర్ రంగుల కార్డు ఆ తీరులో ఒకేసారి చూపగలిగినవి అంతే. ఆ వరుసను మళ్ళీ మామూలు వీజీఏ రకానికి తెస్తే సరిపోయింది. వీజీఏలో 2,62,144 రంగుల్లోంచి ఒకేసారి 256 ఎంచుకునే వీలుంటుంది. ఇది చిన్న సంగతే. అన్నట్టు, 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' లాంటి 1997 ప్రాంతపు ఆటలు ఆ తర్వాతి విండోస్‌లలో ఆడి, నీళ్ళు ఊదారంగుగా, గడ్డి ఎర్రగా మారడం చూసినవాళ్ళు మీలో ఉండవచ్చు. అదీ ఈ 256 రంగుల పట్టిక తగువే. ఒకే పట్టికను ఆటా, వెనకనున్న డెస్క్‌టాపూ రెండూ వాడుకోబోయి ఒకరి రంగుల మీద ఇంకొకరు రాసేసుకునేవారు. డెస్క్‌టాప్‌ను నడిపే ఎక్స్‌ప్లోరర్‌ను టాస్క్ మేనేజర్‌లో ఆపి, ఆట ఆడి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టడం అప్పట్లో అందరూ వాడిన చిట్కా.

రంగులు కుదిరాక అన్నను పిలిచి చూపించాం. ఆయన కాసేపు చూసి, "వీనికి పెండ్లయినట్టుంది తమ్మీ, ఇంత లావైండు" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వాం కానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రాకుమారుడు అడ్డంగా ఊరిపోయి ఉన్నాడు. గదులు సాగాయి, సీసాలు కుండల్లా కనిపిస్తున్నాయి.

ఇది ఎందుకు జరుగుతుందో మగ్గం తెలిసిన ఇంటివాళ్ళకు చెప్పడం తేలిక. మా నాయన జకార్డు చాదర్లకు నమూనాలు గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో నిలువు వరుస ఒక్కో పడుగు పోగు, ఒక్కో అడ్డ వరుస ఒక్కో పేక పోగు. అంగుళానికి పడుగు 40 పోగులూ పేక 30 పోగులూ వేసే గుడ్డ అనుకోండి. ఆ గుడ్డలో ఒక్కో గడి వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ. కనుక కాగితం మీది గడులు కూడా ఆ లెక్కన నిలువుగా ఉన్నవే తీసుకోవాలి. చదరపు గడుల కాగితం మీద అందమైన నెమలిని గీసి మగ్గం ఎక్కిస్తే గుడ్డమీద అది మెడ సాగిన కొంగ అవుతుంది. అందుకే నాయన దగ్గర రకరకాల గళ్ళ కాగితాలు కట్టలు కట్టలుగా ఉండేవి.

ఆ కాలపు కంప్యూటర్ తెర కూడా సరిగ్గా అలాంటి గుడ్డే. డాస్ ఆటల బొమ్మ అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 200 చుక్కలు. అప్పటి మానిటర్ ఆకారం 4కు 3. చుక్కలు చదరంగా ఉంటే 320కి 240 వరుసలు ఉండాలి, ఉన్నవి 200. ఆ 200 వరుసలే తెర ఎత్తంతా పరుచుకోవాలి కనుక ఒక్కో చుక్క వెడల్పు కంటే 1.2 రెట్లు పొడవు. బొమ్మలు గీసినవాళ్ళు ఆ పొడవు చుక్కల తెరమీద చూసుకుంటూ గీశారు. ఇప్పటి తెరల చుక్కలేమో చదరం. పాత బొమ్మను చుక్కకు చుక్క వేస్తే రాకుమారుడు పొట్టివాడవుతాడు. ఆపైన దాన్ని 16కు 9 ఆకారమున్న వెడల్పు తెర నిండా లాగితే లావెక్కుతాడు. మా అన్న చూసింది ఆ రెండోదాన్ని.

దీనికి మందు డాస్‌బాక్స్ సెట్టింగుల ఫైలులో ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే 'యాస్పెక్ట్' అనే వరుసలో 'ఫాల్స్' అని ఉంటుంది, దాన్ని 'ట్రూ' అని మార్చాలి. 'ఔట్‌పుట్' వరుసలో 'సర్ఫేస్' బదులు 'ఓపెన్‌జీఎల్' అని రాయాలి. 'ఫుల్‌రిజల్యూషన్' దగ్గర మన తెర కొలతలు ఇవ్వాలి. మా లాప్‌టాప్ 1366 చుక్కల వెడల్పు, 768 ఎత్తు. అందులో రాకుమారుడి ప్రపంచం 1024 వెడల్పులో నడిమధ్య నిలబడుతుంది. రెండు పక్కలా 171 చుక్కల చొప్పున నల్లని పట్టీలు మిగులుతాయి. తెర వృథా అవుతోందని చాలామందికి ఆ పట్టీలు చూస్తే ప్రాణం ఒప్పదు, లాగి నింపేస్తారు. నా మట్టుకు నాకు ఆ నల్లపట్టీలు చాదరు అంచులాంటివి. అంచును బొమ్మతో నింపమని ఎవరూ అడగరు.

ఇంకొక చిన్న లోపం మిగిలింది. 768ని 200 తో భాగిస్తే 3.84 వస్తుంది. అంటే పాత వరుస ఒక్కోటి కొత్త తెరమీద ఒకచోట నాలుగు చుక్కల మందం, ఇంకొకచోట మూడు చుక్కల మందం అవుతుంది. రాతిగోడ గీతలు హెచ్చుతగ్గులుగా కనిపిస్తాయి. ఓపెన్‌జీఎల్ అయితే అంచులను కొద్దిగా అలికి ఆ తేడాను కప్పేస్తుంది. ఎక్కడా అలకకుండా నిక్కచ్చిగా రావాలంటే అడ్డం 5 రెట్లు, నిలువు 6 రెట్లు, అంటే 1600కు 1200 తెర కావాలి. అలాంటిది మా ఇంట్లో లేదు. ఆ మాత్రం అలుకుడు మాకు సమ్మతమే.

ఇక కదలిక. ఈ ఆటకు ప్రాణమంతా అందులోనే ఉంది కాబట్టి కాస్త వెనక్కు వెళ్ళి చెప్పాలి. దీన్ని తయారుచేసినవాడు జోర్డాన్ మెక్నర్ అనే అమెరికన్ యువకుడు. ఆపిల్ టూ కంప్యూటర్ మీద 1989లో, మనం ఆడిన డాస్ మీద 1990లో బ్రోడర్‌బండ్ సంస్థ దాన్ని విడుదల చేసింది. మనిషి మనిషిలా పరుగెత్తాలని మెక్నర్ 1985లో తన తమ్ముడు డేవిడ్‌ను ఒక కార్ల పార్కింగు స్థలంలో పరుగెత్తించి, దూకించి, గోడ ఎక్కించి వీడియో తీశాడు. ఆ వీడియోను ఆపి ఆపి టీవీ తెరను ఫోటోలు తీసి, వాటిమీద మనిషి ఆకారాన్ని నలుపు తెలుపుల్లో దిద్ది, ఒక్కో భంగిమనూ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కత్తియుద్ధానికి 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలో కొన్ని క్షణాలు ఆధారం. సంగీతం వాళ్ళ నాన్నది. కుటుంబమంతా చేయివేసిన కుటీర పరిశ్రమ అన్నమాట! ఆపిల్ టూలో జ్ఞాపకశక్తి చాలక కొత్త శత్రువుకు బొమ్మలు పెట్టే చోటు లేకపోతే, రాకుమారుడి బొమ్మనే ఒక బిట్టు పక్కకు జరిపి దానితోనే కలిపి మెరిసే నీడమనిషిని పుట్టించాడు. నాలుగో అంతస్తులో అద్దంలోంచి దూకి వచ్చేవాడు వాడే. లేమిలోంచి పుట్టిన ఆ పాత్రే ఆటకు మకుటమైంది. ఆపిల్ టూ మూల ప్రోగ్రాము పోయిందనుకున్నారు. 2012లో వాళ్ళ నాన్న ఇంట్లో ఒక పెట్టెలో ఫ్లాపీలు బయటపడితే, నిపుణులు చదివిపెట్టారు, మెక్నర్ దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. గోడకు తగిలించుకోమనే దుకాణాయన ఆయనకు తగలకపోవడం మన అదృష్టం.

డాస్ ఆటలో రాకుమారుడి భంగిమ సెకనుకు 12 సార్లు మారుతుంది. కత్తి దూసినప్పుడు 10. సినిమాతో పోల్చితే సగమే, అయినా కంటికి ధారలా ఉంటుంది. ప్రతి భంగిమా నిజమైన మనిషి నుంచి తీసింది కావడం వల్ల. కానీ మా లాప్‌టాప్‌లో వాడు ఎగిరెగిరి పడుతున్నాడు. పరుగులో ఒక కాలు మాయమై రెండో కాలు ప్రత్యక్షమవుతోంది. డాస్‌బాక్స్ కిటికీ నెత్తిన రాసి ఉండే అంకెలు చూస్తే కారణం దొరికింది: 'ఫ్రేమ్‌స్కిప్' 8 అని ఉంది. కంట్రోల్ మీటతో ఎఫ్8 నొక్కినప్పుడల్లా అది ఒకటి పెరుగుతుంది, ఎఫ్7 తో తగ్గుతుంది. ఒకసారి గీసి ఎనిమిది సార్లు మానెయ్యమని దాని అర్థం. పాత తెర సెకనుకు 70 సార్లు తిరగగీసేది. తొమ్మిదింట ఒకటే మిగిలితే 8 సార్లు కూడా నిండదు. 12 భంగిమల్లో మూడోవంతు తెరకే రావడం లేదన్నమాట. గోతి అంచున కాలు ఆనిన ఆ ఒక్క భంగిమ చూసే కదా దూకే మీట నొక్కాలి! దాన్ని సున్నాకు తెచ్చాం.

అయినా కాపలావాడు ఎదురుపడితే కాస్త బరువుగా కదిలేది. అక్కడ చూడవలసింది 'సైకిల్స్'. డాస్‌బాక్స్ నటించే పాత యంత్రం ఎంత చురుకైనదో చెప్పే అంకె అది. మామూలుగా 3000 దగ్గర మొదలవుతుంది. కంట్రోల్‌తో ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది, ఎఫ్11 నొక్కితే తగ్గుతుంది. మాకు 10000 దగ్గర హాయిగా కుదిరింది. ఇంకా ఇంకా పెంచితే ఇంకా నునుపవుతుందని ఆశపడితే అసలు లాప్‌టాప్ ఆయాసపడి, చప్పుడు చిరిగి, బొమ్మ ఆగాగి వస్తుంది. ఈ రాకుమారుడు గడియారం చూసి నడిచేవాడు కనుక సైకిల్స్ పెరిగినంత మాత్రాన పరుగు వేగం హెచ్చదు. అప్పటి ఆటలన్నీ ఇంత బుద్ధిమంతులు కావు. 1990 నాటి 'వింగ్ కమాండర్' లాంటివి యంత్రం ఎంత వేగమైతే అంత వేగంగా పరుగెత్తేవి. పాత కంప్యూటర్ల మొహాన 'టర్బో' అనే బొత్తాం ఉండేది జ్ఞాపకముందా? పేరుకు టర్బో కానీ దాన్ని ఆర్పడంలోనే దాని ఉపయోగం. అలాంటి ఆటల కోసం కంప్యూటర్‌ను కావాలని నెమ్మదింపజేసేది.

బల్లముందు ఎక్కువసేపు కూర్చుంటే అన్నకు భుజం లాగుతుంది. అందుకని లాప్‌టాప్‌ను హాల్లో టీవీకి తగిలించాం. మళ్ళీ మొదటికొచ్చింది. రాకుమారుడు చెప్పిన మాట ఆలస్యంగా వింటున్నాడు. "చెయ్యి నాదే మొద్దుబారింది తియ్యి" అని అన్న మీటలు పక్కన పెట్టేశాడు. నాకు గుండె కలుక్కుమంది. నేను ఆడి చూసినా అంతే ఆలస్యం. అది ఆయన చేతిది కాదు, టీవీది! కొత్త టీవీలు వచ్చిన బొమ్మను నేరుగా చూపవు. సినిమా సాఫీగా కనపడాలని రెండు బొమ్మల నడుమ తామే కొన్ని బొమ్మలు కల్పించి చేరుస్తాయి, రంగులు దిద్దుతాయి, ఆ తర్వాత చూపుతాయి. ఆ దిద్దుబాట్లకు పట్టే సమయమే ఆలస్యం. పైగా మనిషి నుంచి తీసిన భంగిమల మధ్య యంత్రం కల్పించినవి దూరితే కదలిక నీళ్ళలో నడిచినట్టు ఉంటుంది. టీవీ మెనూలో 'గేమ్ మోడ్' అని ఉంటుంది, అది వేస్తే ఆ పనులు చాలామటుకు ఆగిపోతాయి. వేసి అన్న చేత మళ్ళీ మీటలు పట్టించడానికి రెండు రోజులు బతిమాలాల్సి వచ్చింది. పట్టుకుని మొదటి గోతి దాటాక, "ఇప్పుడు ఇంటుండు" అని మాత్రం అన్నాడు.

ఇంకో సంగతి. కత్తి విసరడానికి షిఫ్ట్ మీట గబగబా నొక్కాలి. ఐదుసార్లు వరుసగా నొక్కితే విండోస్ 'స్టికీ కీస్ కావాలా' అని యుద్ధం నడుమ ఒక పెట్టె తెచ్చి అడ్డం పెడుతుంది. ఈలోపు కాపలావాడు పని ముగిస్తాడు. చేతులు సరిగా ఆడనివారి సౌకర్యానికే పెట్టిన ఏర్పాటు, మా ఇంట్లో చేయి ఆడనివాడి ప్రాణమే తీసింది. సెట్టింగుల్లో కీబోర్డు సౌకర్యాల కింద ఆ షిఫ్ట్ సత్వరమార్గాన్ని ఆపేశాం.

చివరిది వేగం. అన్న వేళ్ళకు అసలు వేగం ఎక్కువే. మా అబ్బాయి 'ఎస్‌డీఎల్‌పాప్' అనే ఉచిత ప్రోగ్రాము తెచ్చాడు. అభిమానులు డాస్ ఆటను విప్పి చదివి, ఇప్పటి కంప్యూటర్లలో నేరుగా నడిచేలా తిరిగి కట్టింది అది. డాస్‌బాక్స్ అక్కరలేదు, ఆకారం సరిచేసే ఏర్పాటు అందులోనే ఉంది. దాని సెట్టింగుల ఫైలులో వేగం అంకె 5 ఉంటుంది. సెకనులో 60వ వంతులు ఐదు గడిస్తే ఒక భంగిమ అని లెక్క. దాన్ని 7 చేస్తే సెకనుకు 12 భంగిమలు కాస్తా ఎనిమిదిన్నరకు దిగుతాయి. కత్తియుద్ధం అంకె వేరు, 60 నిమిషాల గడువు వేరు, వాటినీ మార్చుకోవచ్చు. నాకు ముందు మనసొప్పలేదు. ఇంత తంటాలుపడి అసలు నడక తెచ్చి, మళ్ళీ నెమ్మది చేయడమేమిటనిపించింది. అన్నే తేల్చాడు: "పొద్దున గిది, మాపటికి అది." ఇప్పుడు లాప్‌టాప్‌లో రెండు బొమ్మగుర్తులున్నాయి. ఉదయం నెమ్మది రాకుమారుడు, సాయంత్రం అసలువాడు. రబ్బరు బంతి మంచం కిందనుంచి బయటకు రాలేదని వదినె ఫిర్యాదు అలాగే ఉంది. కాకపోతే టీ గ్లాసు కుడిచేత్తో పట్టుకుంటున్నాడు. అది ఆట పుణ్యమో, వ్యాయామమో, కాలమో నేను చెప్పలేను, డాక్టరుగారూ చెప్పలేదు.

అసలు వేగంలో అన్న ఇప్పుడు మూడో అంతస్తు దాకా వచ్చాడు. అక్కడ నేలమీద పడివున్న అస్థిపంజరం లేచి కత్తి పడుతుంది. దాన్ని పొడిచి చంపడం ఎవరివల్లా కాదు, దానికి ప్రాణమే లేదు కదా. వెనక్కు వెనక్కు తోసుకుంటూ పోయి అంచునుంచి గోతిలో పడెయ్యాలి. మెగాహిట్ దారి వాడమని మా అబ్బాయి గుర్తుచేస్తే అన్న వినలేదు. నిన్న సాయంత్రం అంచుకు ఇంకో మూడడుగుల దాకా తోశాడట.